పులి బరువు

శ్రావణ శుద్ధ దశమి

తేలిక వాడ రోజువారీ చిట్టా. దీపాలు వేళకి వెలిగాయి. నీళ్లొచ్చాయి. లిఫ్టు మొరాయించలేదు.

రూలు ప్రకారం ఇంతే రాయాలి. కానీ ఈ చిట్టా నా చేతికిచ్చే ముందే పెద్దలు ఆలోచించుకోవలసింది, పోలయ్యకి కలమిస్తే ఎక్కడ ఆపుతాడు అని. నేను బడికి వెళ్లింది తక్కువ, గ్రంథాలయంలో కూచున్నది ఎక్కువ. ఎక్కడ ఆపాలో బడిలో నేర్పుతారట.

ఈ రోజు వరాహం మా వాడకొచ్చాడు. ఎక్కింపు ఘనంగా జరిగింది. ఆకాశంలో మనముండే ఈ రాట్నం గిర్రున తిరుగుతూ ఉంటుంది కాబట్టి అంచున ఉన్న బరువు వాడలో మనిషి మనిషంత బరువూ తూగుతాడు. చువ్వల వెంట ఇరుసు వైపు వచ్చేకొద్దీ తేలికవుతాడు. మా వాడకొచ్చేసరికి పావు వంతు మిగులుతాడు. అందుకే పెద్దవాళ్లకి పెద్ద జబ్బు చేస్తే పిల్లలు మెడలో దండేసి, డప్పు కొట్టించి, లిఫ్టులో ఇక్కడికి ఎక్కిస్తారు. "నీ బరువు మాకు వదిలెయ్" అని అందరి ముందూ ఒక మాట చెప్తారు. ఎంత రాయిలాంటివాడైనా ఆ మాటకి ఏడుస్తాడు. నన్ను మోకాళ్ల కోసం ఎక్కించినప్పుడు నేను ఏడవలేదని చెబుతుంటాను. ఎవరూ నమ్మరు.

వరాహం కింద నీళ్ల పైపుల పనిలో ముసలివాడయ్యాడు. కానీ పైపుల వరాహం అంటే ఎవరికీ తెలీదు, పులి వరాహం అంటే తెలుస్తుంది. ప్రతి దసరాకీ ఒళ్లంతా పసుపూ నలుపూ పూయించుకుని వీధుల్లోకి దూకితే, రోజూ చూసే మనిషే అని తెలిసి కూడా మేం వెనక్కి జరిగేవాళ్లం. ఇప్పుడాయనకి ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరు. ఆ కాన్సరుకి మేత మగ హార్మోనట. మూడు నెలలకో ఇంజక్షనిచ్చి ఆ మేత ఆపేస్తున్నారు.

"ఎలా ఉంది బావా కొత్త కాపురం?" అని పలకరించాను. మా మధ్య చుట్టరికం లేదు. బావా అనుకోవడం మాత్రం నలభై ఏళ్ల అలవాటు.

"ఏటో బావా, అడుగేస్తే అడుగు ఇనబడట్లేదు. నాను ఒచ్చానో రాలేదో నాకే తెలట్లేదు" అన్నాడు.

భాద్రపద బహుళ చవితి

దీపాలు, నీళ్లు, లిఫ్టు సరే.

(ఇక్కడ చంద్రుడు లేడు. అయినా తిథులున్నాయి. ఈ రోజు ఫలానా తిథి అని ఆఫీసువాళ్లు చెప్తారు, మేం నమ్ముతాం. చూడకుండా నమ్మడం మనకి కొత్త కాదు.)

వరాహానికి ఆవిర్లు పట్టుకున్నాయి. కూచున్నవాడు కూచున్నట్టే ఎర్రబడి, చెమటలు కారి, చొక్కా విప్పి, మళ్లీ కాసేపటికి దుప్పటి అడుగుతున్నాడు. ఇంజక్షను మహిమ. ఆయన భార్య కనకం ఎదురుగా కూచుని పచ్చి బఠాణీలు ఒలుస్తూ చూసింది.

"నాకొచ్చినప్పుడు ఏటన్నావు? ఊరికే ఆపసోపాలు పడతావేటే అన్నావు" అంది.

"అప్పుడు తెల్లేదే."

"ఇప్పుడు తెలిసింది కదా. పడు."

అని, బఠాణీలు పక్కన పెట్టి, ఆయన చేతిలో విసనకర్ర లాక్కుని తనే విసరడం మొదలుపెట్టింది. నేను చాలా పుస్తకాలు చదివాను గానీ, దెప్పిన వెంటనే అంత చల్లగా విసరడం ఏ పుస్తకంలోనూ లేదు.

విజయదశమి

లిఫ్టు బాగానే ఉంది. మిగతా ఏదీ బాగా లేదు.

వరాహం ఈ ఏడు కూడా పులి వేస్తానన్నాడు. కూతురు హైమ వద్దంటే వినలేదు. కిందనుంచి డప్పులవాళ్లని పిలిపించాం. రంగులు పూశాం. మా సందులో పులి గెంతింది. గెంతి, అలా గాలిలో ఉండిపోయింది. డప్పు దెబ్బ పడ్డాక మరో రెండు దెబ్బలు పడేంతవరకూ దిగలేదు. పిల్లలు నవ్వారు. డప్పులవాళ్లు పులికోసం ఆగాలా వాయించాలా తెలీక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పులి కాదది, తెగిన గాలిపటం.

వరాహానికి రోషమొచ్చింది. పులి ఆట చివర్లో నేలమీద నిమ్మకాయ పెడతారు, చేతులు వెనక్కి కట్టుకుని నోటితో అందుకోవాలి. అదైనా సరిగ్గా చేద్దామని విసురుగా వంగాడు. వంగి అక్కడే ఆగిపోయాడు. మేం అది పులి పొంచి ఉండటమనుకుని చప్పట్లు కొట్టాం. కనకం ఒక్కతే గుంపులోంచి పరిగెత్తుకొచ్చింది.

వెన్నుపూస ఒకటి నలిగింది.

కార్తీక శుద్ధ ఏకాదశి

దీపాలు ఆలస్యం. ఫిర్యాదు చేశాను.

ఎముకల డాక్టరు షమీమ్ గారు కిందనుంచి వచ్చి వరాహాన్ని చూశారు. చిన్న మనిషి, పెద్ద గొంతు. నాకు చదువుకున్నవాళ్లని ప్రశ్నలడిగి ఇరికించడం సరదా. ఈవిడ దగ్గర అది సాగలేదు, ఎందుకంటే నేనడిగే ముందే ఈవిడ నన్ను అడుగుతుంది.

"కాన్సరు ఎముకలోకి రాలేదు, నేను చూశాను. భయం అది కాదు" అన్నారు. "ఆ ఇంజక్షను మగవాళ్ల ఎముకల్ని పలచబరుస్తుంది. అది తెలిసిందే, దానికి మందులున్నాయి. కానీ ఇంజక్షను తీసుకునే మనిషిని ఎవరైనా బరువు లేని చోట కూచోబెడతారా పోలయ్య గారూ?"

"మోకాళ్లకి మంచిదని..."

"నేను మోకాళ్లు అడగలేదు."

తరవాత నెమ్మదిగా చెప్పారు. ఎముక మీద బరువు పడితేనే ఎముక తనని తాను కట్టుకుంటుందిట. నడవాలి, మెట్లెక్కాలి, ఏదో ఒకటి మొయ్యాలి. ఇక్కడ మొయ్యడానికేముంది, నీళ్ల బిందె కూడా చంకలో పిల్లిపిల్లలా ఉంటుంది. "ఈయన్ని కిందికి తీసుకెళ్లండి. ఇలాగే ఉంచితే వచ్చే దసరాకి మంచం మీద ఉంటారు. ఈసారి విరిగేది తుంటి కావచ్చు."

హైమ తల అడ్డంగా ఊపింది. నేనర్థం చేసుకోగలను. పైకెక్కించడానికి మా దగ్గర డప్పుంది, దండుంది, చెప్పాల్సిన మాటుంది. దిగడానికి పేరు కూడా లేదు. ఎక్కించిన తండ్రిని దింపిందంటే, బరువు మోస్తానని మాటిచ్చి మొయ్యలేక వదిలేసిందనే అంటారు.

"నాన్నని కిందికి లాక్కొచ్చిందీ అని వాడంతా అంటుంది డాక్టరు గారూ. ఇంకేదైనా ఉంటే చెప్పండి. మాత్రలు, పొడులు, ఏవైనా. ఎంతైనా తినిపిస్తాను" అంది.

"అవి నేను చెప్పినంతే వెయ్యాలి" అన్నారు డాక్టరు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

పుష్య శుద్ధ తదియ

నీళ్లు బాగున్నాయి. ఎక్కువ భాగం వరాహమే తాగుతున్నాడు.

అదే విషయం. ఎంత తాగినా దాహమంటాడు, నిమిషానికోసారి ఒంటేలుకి లేస్తాడు. అన్నం సయించదు, కడుపు కదలదు. పొద్దున నన్ను చూసి, "ఒరే తమ్ముడూ, పైపు కట్టేశావేటి?" అన్నాడు. ఆయన తమ్ముడు పోయి చాలా ఏళ్లయింది. డాక్టరుకి కబురు పెట్టాను.

డాక్టరు రక్తం తీసుకెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. లిఫ్టులోంచి దిగుతూనే, "ఈయనకి సున్నం ఎవరు తినిపిస్తున్నారు?" అన్నారు. రక్తంలో కాల్షియం ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువుందట. ఎక్కువైతే ఎముకకి చేరదు, మూత్రపిండాల మీదా మెదడు మీదా పడుతుందట. వరాహాన్ని పడుకోబెట్టి సెలైను ఎక్కిస్తూ కనకాన్ని అడిగారు. కనకం చెంగుతో కళ్లొత్తుకుని అలమర తలుపు తీసింది.

డబ్బాలు. చిన్నవీ పెద్దవీ, అల్యూమినియంవీ గాజువీ.

ఇక్కడ మా వాడ ఆచారం చెప్పాలి. జబ్బు మనిషిని చూడ్డానికి ఉత్త చేతుల్తో వెళ్లకూడదు. ఏ ఇంటి పొడి ఆ ఇల్లు పట్టుకెళ్తుంది. అందులో ఏముందని అడగకూడదు. వద్దనకూడదు. తెచ్చినవాళ్ల ఎదురుగానే ఒక చెంచా నోట్లో వేసుకోవాలి, వాళ్లు మళ్లీ వచ్చినప్పుడల్లా వేసుకోవాలి. వరాహమంటే అందరికీ ప్రాణం. అందరూ వచ్చారు. అందరూ రోజూ వచ్చారు. ఆయన ఎవర్నీ చిన్నబుచ్చలేదు.

డాక్టరు వీధిలో నిలబడి ఇంటింటివాళ్లనీ పిలిచారు. "మీ పొడిలో ఏముందో చెప్పండి."

ఒకరినొకరు ముందుకి తోసుకున్నారు. ముత్తవ్వల నాటి రహస్యాలవి. చివరికి కనకం గడప దగ్గరికొచ్చింది. "ఆయన్ని బతికించుకుందామని తెచ్చారు మీరంతా. నాకు తెలుసు. ఇప్పుడు బతకాలంటే సెప్పండి" అంది.

ముందు మా పక్కింటి సన్యాసమ్మ గొంతు సవరించుకుంది. "మాదేం పెద్దది కాదమ్మా. కింద మందుల కొట్లో దొరికే కాల్షియం మాత్రలే. దంచి కొంచెం యాలక్కాయ వేస్తాను."

ఎదురింటివాళ్లు తలెత్తి చూశారు. "మేమూ అవే మాత్రలు. మేం శొంఠి వేస్తాం."

తరవాత వరసగా అందరిదీ అదే కథ. వాము, జీలకర్ర, దాల్చినచెక్క. వాసన వేరు గానీ లోపల సరుకంతా ఒక కొట్టుదే. కొందరు అందులో డి విటమిను కూడా కలిపారు. ఒకాయన మాత్రం సెలీనియమూ ఇ విటమినూ కలిపానని గొప్పగా చెప్పాడు. "అవి ఈ కాన్సరుకి మేలు చేస్తాయని ఎక్కడా తేలలేదు, ఎక్కువైతే కీడు కూడా. తీసెయ్యండి" అన్నారు డాక్టరు. ఆయన గొప్ప అక్కడితో ఆగింది.

"మీది పోలయ్య గారూ?" అన్నారు నా వైపు తిరిగి.

నాది మాత్రం కొట్టు సరుకు కాదు. చేపల తొట్టిలో నత్తగుల్లలు ఏరి, కాల్చి, వస్త్రగాళితం పట్టిన శుద్ధ స్వయంకృషి. ఆ మాటే సగర్వంగా చెప్పాను.

"గుల్ల అంటే ఏమిటండీ?"

గుల్ల అంటే కాల్షియమే. నేను గ్రంథాలయంలో చదివాను కూడా. ఆ పేజీకి తరవాతి పేజీ చదవలేదు, అంతే.

డాక్టరు కసరలేదు. సందులో మెట్టు మీద కూచుని అందర్నీ చుట్టూ కూచోమన్నారు. "రోజుకి కావలసింది ఇంతే ఉంటుంది. పాలు, పెరుగు, రాగి జావ, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు. చాలామటుకు అందులోనే వస్తుంది. చాలనిదానికే మాత్ర. డి విటమిను రక్తం చూసి ఎంతో నేను చెప్తాను, ఇక్కడ ఎండ లేదు కాబట్టి అది తప్పదు. ఇటుకలు లారీల్లో తెచ్చి పడేస్తే గోడ లేస్తుందా? కట్టేవాడు కావాలి. ఎముకకి కట్టేవాడు బరువు. ఆ మేస్త్రీ ఈ వాడలో లేడు."

డబ్బాలు ఎవరివి వాళ్లు తీసుకెళ్లారు. అంత మంది అంత నిశ్శబ్దంగా నడవడం చూస్తే నాకు గుండె బరువెక్కింది. మా వాడలో బరువెక్కేది అదొక్కటే.

పుష్య బహుళ పంచమి

లిఫ్టు ఒకసారి కిందికి పోయింది. ఎందుకో రాస్తాను.

వరాహం తేరుకున్నాడు. నన్ను నా పేరుతోనే పిలుస్తున్నాడు, అది కూడా తిట్టు జోడించి. డాక్టరు మళ్లీ చెప్పారు, దిగాలని. హైమ గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"నీ బరువు మాకు వదిలెయ్ అని అందరి ముందూ అన్నాను కదా నాన్నా."

"అన్నావమ్మా. నువ్వు మొయ్యలేవనీ నానన్లేదు" అన్నాడు వరాహం. "కానీ నా బరువు నాకు కావాలంట. ఏటి సేస్తాం?"

"జనం ఏమంటారు?"

అంతలో కనకం అలమర మీదనుంచి పులితోక దింపింది. దారాలతో అల్లిన బారెడు తోక. దుమ్ము దులిపి భుజం మీదేసుకుని, చేతిసంచీ పట్టుకుని, సందు మధ్యనుంచి నడిచింది. వాడంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. కనకం తిన్నగా లిఫ్టులోకెళ్లి నిలబడింది.

"ఎక్కడికే?" అని అరిచాడు వరాహం.

"కిందికి. తోక నా సేతిలో ఉన్నాది. తోక లేకుండా పులి ఇక్కడేటి సేస్తాదో నానూ సూస్తాను."

వరాహం నవ్వాడు. నవ్వితే వెన్ను నొప్పెట్టి నడుం పట్టుకున్నాడు, అయినా నవ్వు ఆపలేదు. హైమ కళ్లు తుడుచుకుని తండ్రి చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ లిఫ్టులో నిలబడితే డప్పు లేదే అని నాకు మనసొప్పక, నీళ్ల బిందె తిరగేసి వాయించాను. నాకు తాళం రాదు. ఎవరూ నవ్వలేదు.

వైశాఖ శుద్ధ నవమి

దీపాలు, నీళ్లు సరే. నేను సందులో లేను, మధ్యాహ్నమంతా కిందున్నాను. చిట్టా రాసేవాడు చోటు వదలకూడదని రూలుంది. వదిలాను.

వరాహాన్ని నేరుగా కిందికి పంపలేదు డాక్టరు. ముందు సగం బరువుండే మధ్య వాడలో కొన్నాళ్లుంచి, తరవాత బరువు వాడకి దింపారు. ఎముకకి బలమిచ్చే ఇంజక్షను వేరే ఉంది. దానికి ముందు పళ్లు చూడాలట. ఆ మందు మొదలెట్టాక పన్ను పీకితే దవడ ఒక్కోసారి మానదట. పళ్ల డాక్టరు ముందే రెండు కోరపళ్లు పీకేశాడు.

"పులికి కోరలు పీకించావు కదే" అని కనకం మీద ఎగిరాడు వరాహం.

"కోరలున్నప్పుడు ఎవర్ని కరిసీసావు గనక" అందావిడ.

నేను వెళ్లేసరికి మెట్లెక్కుతున్నాడు. ఒంటిమీద ఇసక సంచులు కుట్టిన చొక్కా. కనకం కుట్టింది, ఎంత ఇసకో డాక్టరు చెప్పారు. చేతికర్ర. ఒక మెట్టు, ఆగడం, గాలి పీల్చడం, ఇంకో మెట్టు. ఆవిరొస్తే నిలబడి చెమట తుడుచుకోవడం. రైలింగు పట్టుకోమంటే పట్టుకుంటున్నాడు, కింద పడితే మొత్తం కథ మొదటికొస్తుందని తెలుసు. పొద్దున్నే రాగి జావ, మధ్యాహ్నం మునగాకు పప్పు, చిన్న చేపలు, చెప్పినన్ని మాత్రలు, చెప్పినన్ని డి విటమిను చుక్కలు. బీడీ మానేశాడు. నలభై ఏళ్లు నేను చెబితే మానలేదు.

నేను మనుషుల్ని తేలిగ్గా మెచ్చుకోను, ఆ సంగతి మా వాడందరికీ తెలుసు. కానీ పులి వేషంలో గెంతిన వరాహాన్ని చూసినప్పుడు కూడా నాకు ఇంత గౌరవం కలగలేదు. గెంతడానికి ఒంట్లో బలముంటే చాలు. ఒంట్లోంచి ఆ బలాన్ని మందే తీసేసుకుంటుంటే, మందు మానకుండా, మెట్టు తరవాత మెట్టు ఎక్కడానికి ఏం కావాలో నేను చదివిన పుస్తకాల్లో లేదు.

"బావా, ఒకటి సెప్పనా? అడుగు ఇనబడతన్నాది" అన్నాడు పై మెట్టు మీద కూచుని.

విజయదశమి

దీపాలు వెలిగే ఉంటాయి. నేను చూడలేదు. మా వాడలో ఎవరూ చూసి ఉండరు, అందరం కిందే ఉన్నాం.

పోయినవారం ఎముకల ఫోటో తీశారు. డాక్టరు అది వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు. "పెరగలేదు. కానీ పోయినేడు ఉన్నదానికన్నా తగ్గలేదు" అన్నారు. "అంతేనా?" అంది హైమ. "ఆ ఇంజక్షను మీద తగ్గకపోవడమే నాకు పండగ" అన్నారావిడ. అప్పుడు వరాహం గొంతు తగ్గించి అడిగాడు, పులి వెయ్యొచ్చా అని. గెంతకూడదు, నడుం వంచకూడదు, అలిసిపోతే కూచోవాలి. ఈ మూడూ ఒప్పుకుంటే వెయ్యొచ్చన్నారు.

గెంతని పులి, వంగని పులి. అదేం పులి అనుకున్నాను. అక్కడే నా తెలివి మళ్లీ తేలింది.

డప్పు మొదలైంది. వరాహం కర్ర పక్కన పెట్టి వీధిలోకొచ్చాడు. పసుపు మీద నల్లచారలు, వెనక కనకం దులిపిన తోక. ఒక అడుగు వేశాడు. నేల దద్దరిల్లింది. డప్పు దెబ్బా ఆ అడుగూ ఒకేసారి పడ్డాయి. మళ్లీ ఒక అడుగు. తొందర లేదు. కుర్ర పులులు గెంతుతుంటే మనం వినోదం చూస్తాం. ఈ ముసలి పులి తిన్నగా చూస్తూ, బరువుగా, ఎక్కడికి రావాలో తనకి తెలిసినట్టు నడిచొస్తుంటే, పోయినేడు నవ్విన పిల్లలు అమ్మల వెనక్కి జరిగారు. నేనూ జరిగాను. నా మోకాళ్లు నొప్పెట్టాయి, అయినా జరిగాను.

ఆఖరికి నిమ్మకాయ పెట్టారు. అలవాటుకొద్దీ నేలమీదే పెట్టారు, ఎవరికీ తట్టలేదు. డప్పు ఆగింది. వరాహం నిమ్మకాయ ముందు నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆయన మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనబడింది. డాక్టరు లేచి నిలబడ్డారు. వంగితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. వంగకపోతే ఏమవుతుందో ఆయనకి మాత్రమే తెలుసు.

కనకం గుంపులోంచి వచ్చింది, పోయినేడు వచ్చినట్టే. ఈసారి పరిగెత్తలేదు. వంగి నిమ్మకాయ తీసింది. చెంగుతో తుడిచింది. చెయ్యెత్తి పులి నోటి దగ్గర పట్టుకుని నిలబడింది.

పులి దాన్ని పెదాలతో అందుకుంది. కోరల్లేవు కదా.

డప్పులవాళ్లు ఎంత కొట్టారంటే నాకు ఇంకా చెవులు గింగురుమంటున్నాయి. ఆ సందడిలో హైమ నా పక్కకొచ్చి, "చూశారా పోలయ్య మావయ్యా, నాన్నని నేనే దింపాను" అంది. ఏడాది కింద ఏ మాటకి భయపడి ఏడ్చిందో అదే మాట, తల ఎత్తి.

ఆశ్వయుజ బహుళ విదియ

తేలిక వాడ చిట్టా. దీపాలు వెలిగాయి. నీళ్లొచ్చాయి. లిఫ్టుకి తీరిక లేదు. సన్యాసమ్మ దిగింది. ఎదురింటాయన డాక్టరుకి చూపించుకొస్తానని దిగాడు, మంచం కూడా పట్టుకెళ్లాడు. దిగడానికి ఇప్పుడొక పేరొచ్చింది, పులి దిగుడు అంటున్నారు. డాక్టరు నా మోకాళ్లు కూడా చూసి, మధ్య వాడ దాకా దిగవచ్చనీ, అదీ నెమ్మదిగా అనీ చెప్పారు. గుల్లల పొడి మాత్రం పట్టుకెళ్లొద్దన్నారు.

చిట్టా వేరేవాళ్లకి అప్పగిస్తున్నాను. వాళ్లు ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లయితే బాగుణ్ను.

సామాను సర్దుతుంటే వరాహం నన్ను తీసుకెళ్లడానికి వస్తానని కబురు పెట్టాడు. ఒంటిమీద ఇసక చొక్కా విప్పకుండా, ఇంకో రెండు సంచులు తగిలించుకుని మరీ వస్తాడట. ఈ వాడలో ఎవరొచ్చినా తలుపు దాకా తెలీదు. ఇదిగో, లిఫ్టు ఆగింది. సందు చివర ఒక చప్పుడు. ఆగి, మళ్లీ ఒకటి.

అడుగు ఇనబడతన్నాది.